చేలో వదిలేసిన బండికి దిక్కెవరు?

అన్నలూ, మా బోరు షెడ్డు పక్కన వేపచెట్టు కింద ఒక పాత వ్యాను పడి ఉంది. "రెండు రోజులే మామా, ఇంజను బాగుచేయించి తీసుకుపోతా" అన్నాడు తెలిసినోడే. రెండు సంక్రాంతులు పోయినయ్. ఫోను ఎత్తడు. టైర్లు నేలలో దిగబడ్డయ్, కింద పాములు చేరినయ్. ట్రాక్టరు తిప్పుకునే జాగా అదొక్కటే మాకు.

పంచాయతీలో అడిగితే "నీ పట్టా భూమి, మాకేం సంబంధం" అన్నారు. నా కోపమంతా ఇక్కడే. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం రోడ్డు లాంటి బహిరంగ స్థలంలో బండిని 10 గంటలు వదిలేస్తే పోలీసులు తీయించొచ్చు, ఖర్చు ఓనరుదే. అందులో మన చేను లేదు. రోడ్డుకున్న విలువ పంట భూమికి లేదా?

అట్లని పాత ఇనుము వాళ్లకు మాత్రం అమ్మకండి. నాకూ చాలామంది అదే సలహా ఇచ్చారు. రేపు ఓనరొచ్చి "నా బండేది" అంటే కేసు మన మెడకే. పైగా పెట్టినోడు ఒకడు, ఆర్సీ ఇంకొకరి పేరున ఉండొచ్చు. దొంగబండైతే ఇక చెప్పక్కర్లేదు. ఫొటోలు తీయండి, బండి నంబరు, ఛాసిస్ నంబరు రాసుకోండి. ఎవరు పెట్టారో, ఎప్పటినుంచి ఉందో రాసి స్టేషన్లో ఇచ్చి, ముట్టినట్టు రసీదు అడగండి. నోటిమాటగా చెప్పొస్తే చెప్పనట్టే లెక్క, ఆ తప్పు నేను ఏడాది చేశా.

సోమవారం కాగితం పట్టుకుని పోతున్నా. దుక్కులు మొదలయ్యేలోగా ఆ జాగా ఖాళీ కావాలి.