వెనకవారి కోసం వెలిగే దీపం



ఈ పేజీలో ఇంటి పనిముట్ల గురించి, బండ్ల గురించి మేము రాస్తున్న సంగతులు ఉపయోగపడుతున్నవని కొందరు చెప్పారు. పాత కార్ల గురించి కూడ రాయమని కోరారు. ఆ కోరిక న్యాయమైనదే. ఇప్పుడు పల్లెల్లో చాలా ఇళ్ళ ముందు పాత కార్లు కనబడుతున్నవి. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు కొత్త కారు కొనుక్కొని పాతది తండ్రికి పంపుతాడు. మాకున్న మారుతి 800 కూడ ఒక సహోదరుడు అలా ఇచ్చినదే. ఆ మోడలు మొదటి కారు తాళాలను 1983 డిసెంబరు 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ గారు అందించారు. 2014లో దాని తయారీ ఆగిపోయినది. చట్టం లెక్కలో మా బండి ఇంకా వింటేజి కాదు. 2021లో వచ్చిన నియమాల ప్రకారం అందుకు యాభై ఏళ్ళు నిండాలి. అయితే పదిహేనేళ్ళు దాటినది గనుక ఐదేళ్ళకొకసారి దానిని చూపించి రిజిస్ట్రేషను పొడిగించుకొంటున్నాము.

పోయిన కోతల కాలంలో ఒక సాయంత్రం నరసాపురం వైపు నుంచి కాలువ గట్టు మీదుగా ఇంటికి వస్తున్నాము. మలుపులో గేదెలు అడ్డం వచ్చినవి. బ్రేకు తొక్కాము. బండి ఆగినది. మరుక్షణం వెనక ధబ్బుమని చప్పుడైనది. దిగి చూస్తే ఒక యువకుడు, అతని భార్య, ఏడాది బిడ్డ మోపెడ్డుతో సహా గడ్డిలో పడి ఉన్నారు. బిడ్డకు ఏమీ కాలేదు. తల్లి మోచెయ్యి మాత్రం బాగా చీరుకుపోయినది.

నిజం చెప్పాలంటే మా నోటికి మొదట వచ్చిన మాట ఓదార్పు మాట కాదు. "వెనక వచ్చేవారు చూసుకొని రావద్దా?" అన్నాము. ఆ యువకుడు బిడ్డను ఎత్తుకొంటూ మెల్లగా, "మీరు ఆగుతున్నట్టు తెలియలేదండి అయ్యగారూ, వెనక లైటు వెలగలేదండి" అన్నాడు. నమ్మబుద్ధి కాలేదు. అతనిని వెనక నిలబెట్టి పెడల్ తొక్కి చూశాము. రెండు దీపాలూ వెలగలేదు. అవి ఎన్నాళ్ళ నుంచి వెలగడం లేదో మాకు తెలియదు. ఆ తల్లిని ఆసుపత్రికి తీసుకొని వెళ్ళి కుట్లు వేయించాము గాని, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ప్రియులారా, ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ముందు దీపం వెలగకపోతే రోడ్డు కనబడదు గనుక తెలిసిపోతుంది. హారను మోగకపోతే చెవికి తెలుస్తుంది. బ్రేకు దీపం మాత్రం నడిపేవారికి కనబడదు. అది పూర్తిగా వెనక వచ్చేవారి కోసమే ఉన్నది. మన బండిలోనే ఉన్నా దాని సంగతి ఎవరో ఒకరు చెబితే తప్ప మనకు తెలియదు.

ఇంతకూ ఆ దీపాన్ని వెలిగించేది ఏమిటి? డ్రైవరు సీటు ముందు వంగి, బ్రేకు పెడల్ కాడ వెంట చూపు పైకి పోనిస్తే, దాని పైభాగాన రెండు తీగలు తగిలించిన చిన్న స్విచ్ కనబడుతుంది. చిటికెన వేలంత ఉంటుంది. దాని ఒంటి మీద మరలు, ఆ మరల మీద లాక్‌నట్టు, కొసన లోపలికీ బయటికీ కదిలే చిన్న పుల్ల ఉంటవి. మన కాలు పెడల్ మీద లేనప్పుడు పెడల్ కాడ ఆ పుల్లను లోపలికి నొక్కి ఉంచుతుంది. అప్పుడు దీపం ఆరి ఉంటుంది. మనం తొక్కగానే కాడ దూరం జరుగుతుంది, స్ప్రింగు పుల్లను బయటికి తోస్తుంది, దీపం వెలుగుతుంది. అంటే ఈ స్విచ్ నొక్కితే ఆరేది, వదిలితే వెలిగేది. ఇది బుర్రలో పెట్టుకొంటే మిగిలినదంతా సులువు.

అంబాసిడర్ వంటి ఇంకా పాత బండ్లలో పద్ధతి వేరు. అక్కడ స్విచ్ బ్రేకు ఆయిలు గొట్టానికే బిగించి ఉంటుంది. ఆయిలు ఒత్తిడికి దీపం వెలుగుతుంది. దానిని మార్చితే గొట్టాల్లో గాలి చేరకుండా చూసుకోవాలి గనుక ఆ పని మెకానిక్కుకే వదలాలి. ఇక్కడ మేము చెప్పేది పెడల్ దగ్గరి స్విచ్ గురించే. ఇందులో వచ్చే చిక్కులు మూడు.

మొదటిది, వెలగని దీపం. ఒక పక్క మాత్రమే వెలగకపోతే చాలాసార్లు ఆ పక్క బల్బు పోయి ఉంటుంది, లేదా హోల్డరు తుప్పు పట్టి ఉంటుంది. ఈ బల్బులో రెండు తీగలుంటవి: రాత్రి వెనక దీపానికి 5 వాట్లది, బ్రేకుకు 21 వాట్లది. బల్బు మొల మీది రెండు బొడిపెలు ఒకే ఎత్తులో ఉండవు. తప్పుగా పెట్టకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. బలవంతంగా తిప్పి దూర్చవద్దు. రెండు పక్కలా ఒకేసారి వెలగకపోతే ముందు ఫ్యూజు చూడాలి, తరువాత స్విచ్. స్విచ్ ప్లగ్గు ఊడదీసి, తీగల వైపు ఉన్న రెండు కొసలను చిన్న తీగముక్కతో కలపండి. దీపం వెలిగితే స్విచ్ పోయినట్టు. వెలగకపోతే లోపం వేరే చోట ఉన్నది. మా బండిలో కలపగానే రెండు దీపాలూ వెలిగినవి. లోపలి రేకులు ఇన్నేళ్ళ వాడకానికి అరిగిపోయినవి. అది ఎవరి తప్పూ కాదు.

రెండవది, ఆరని దీపం. మరునాడు ఒక షెడ్డులో కొత్త స్విచ్ వేయించుకొన్నాము. తొందరలో వేశారు, తొందరలో తెచ్చుకొన్నాము. పెడల్ తొక్కితే వెలిగినది, సంతోషించాము. వదిలితే ఆరుతున్నదో లేదో ఎవరమూ చూడలేదు. ఆ రాత్రి నాలుగు గంటలకు పక్క వీధి పెద్దమ్మ గారికి ఆయాసం వచ్చినదని తలుపు కొట్టారు. తాళం తిప్పితే బండిలో ఉలుకూ పలుకూ లేదు. వెనక దీపాలు మాత్రం మిణుకు మిణుకుమంటున్నవి. లెక్క చూడండి. 21 వాట్ల బల్బులు రెండు, అంటే 42 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి మూడున్నర ఆంపియర్లు లాగుతవి. మా బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లది. నిండుగా ఉన్నా పది గంటల్లో ఖాళీ. మా బండిలో తాళం తీసినా ఈ దీపానికి కరెంటు అందుతుంది. నలుగురు కుర్రవాళ్ళు తోస్తే బండి కదిలినది, పెద్దమ్మ గారు క్షేమంగా ఉన్నారు. అయినా ఆ పది నిమిషాలు మేము మరచిపోలేము.

బ్యాటరీ సంగతి అటుంచినా, ఎప్పుడూ వెలిగే బ్రేకు దీపం వెనకవారికి ఏమీ చెప్పదు. ఆగినా ఆగకపోయినా ఒకటే ఎరుపు అయినప్పుడు, నిజంగా ఆగిన వేళ వారు దానిని లెక్కచేయరు.

ఇలా ఆరకుండా ఉండడానికి కారణాలు రెండు. స్విచ్ పెడల్ కాడకు దూరంగా బిగించి ఉండవచ్చు. లేదా కాడ మీద పుల్ల ఆనే చోట ఉండే చిన్న రబ్బరు బిళ్ళ ముదిరి పొడి అయి రాలిపోయి ఉండవచ్చు. బిళ్ళ పోతే పుల్ల ఖాళీలోకి దూరి దీపం వెలుగుతూనే ఉంటుంది. కారులో కాళ్ళ దగ్గర రబ్బరు ముక్కలు కనబడితే పారవేయక ముందు పైకి చూడండి.

మూడవది అన్నిటికంటె ప్రమాదం, పెడల్‌ను పట్టి ఉంచే స్విచ్. దీపం ఆరడం లేదు గదా అని స్విచ్‌ను మరీ ముందుకు తిప్పితే, అది కాడను తోసి పెడల్ కొద్దిగా తొక్కినట్టే నిలుపుతుంది. దీపం బాగానే ఆరుతుంది, వెలుగుతుంది. కాని మాస్టర్ సిలిండరులోని పిస్టన్ పూర్తిగా వెనక్కు రాదు. ఆయిలు తిరిగి డబ్బాలోకి పోయే చిన్న రంధ్రం మూసుకొనే ఉంటుంది. బండి నడిచే కొద్దీ వేడికి ఆయిలు వ్యాకోచిస్తుంది, పోవడానికి దారి లేక బ్రేకులు వాటంతట అవే పట్టుకొంటవి. పెట్రోలు ఖర్చు పెరుగుతుంది, చక్రాలు కాలుతవి, చివరకు అసలు అవసరానికి బ్రేకు అందకపోవచ్చు.

మాకు ఈ పని నేర్పినది ఒక ముసలి మెకానిక్కు. "మార్చడం పది నిమిషాల పనండి అయ్యగారూ, కుదర్చడమే అసలు పని" అన్నారాయన. వారు చెప్పిన వరుస ఇది.

బ్యాటరీ నెగెటివ్ వైపు తీగ ఊడదీయండి. పాత స్విచ్ మరలు లాక్‌నట్టుకు పైన ఎన్ని కనబడుతున్నవో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. ప్లగ్గు ముందే తీసివేయండి, లేకపోతే స్విచ్ తిప్పేటప్పుడు తీగలు మెలిపడి తెగుతవి. లాక్‌నట్టు వదులు చేసి పాతది తీసి, కొత్తది దాదాపు అదే లోతుకు ఎక్కించండి. ఇప్పుడు పెడల్‌ను చేతితో మీ వైపుకు పూర్తిగా లాగి పట్టుకోండి. ఆ స్థితిలో స్విచ్ మరల కొసకూ, కాడ మీది రబ్బరు బిళ్ళకూ మధ్య అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు సందు ఉండాలి. కొలిచే పనిముట్టు లేకపోతే హాక్సా బ్లేడు చాలు. దాని మందం అర మిల్లీమీటరు కంటె కొంచెమే ఎక్కువ. బ్లేడు దూరాలి, వదులుగా ఆడకూడదు. సందు కుదిరాక స్విచ్‌ను కదలకుండా పట్టుకొని లాక్‌నట్టు బిగించండి. బిగించేటప్పుడు స్విచ్ తిరిగిపోతుంది గనుక మళ్ళీ ఒకసారి బ్లేడు పెట్టి చూడండి. మరీ బలంగా బిగిస్తే ప్లాస్టిక్కు చిట్లుతుంది. మీ బండి పుస్తకంలో వేరే కొలత ఉంటే దానినే పాటించండి.

తరువాత పరీక్ష. బ్యాటరీ తీగ తిరిగి తగిలించి, సందెవేళ బండి వెనకభాగం సున్నపు గోడ వైపు నిలపండి. మేము మందిరం గోడ వాడుకొన్నాము. పెడల్ మీద వేలితో కొద్దిగా నొక్కగానే, బ్రేకు పట్టక ముందే, గోడ ఎర్రబడాలి. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు పది మీటర్లు. దీపం అర సెకను ఆలస్యమైతే వెనక బండి ఐదు మీటర్లు దగ్గరకు వచ్చేసినట్టే. పెడల్ వదలగానే ఎరుపు పోవాలి. తాళం తీసి దిగాక కూడ ఒకసారి వెనక్కు వెళ్ళి చూడండి. చివరగా మూడు నాలుగు కిలోమీటర్లు, బ్రేకు ఎక్కువ తొక్కకుండా నడిపి, చక్రాల దగ్గర చెయ్యి తగలకుండా వేడి చూడండి. సెగ కొడితే స్విచ్ పెడల్‌ను తోస్తున్నదేమో చూసి వెనక్కు తిప్పాలి. అప్పటికీ తగ్గకపోతే మెకానిక్కుకు చూపించాలి.

మాకు స్విచ్ ఖరీదు రెండు వందల లోపే అయినది. ఆ తల్లి చేతికి పడిన కుట్లు ఏడు.

తరువాత ఆదివారం మధ్యాహ్నం మేమూ, మా ఇంటివారూ ఆ యువకుని ఇంటికి వెళ్ళి మా మాటకు క్షమించమని అడిగాము. వారు మజ్జిగ ఇచ్చారు. లేచే ముందు అతని మోపెడ్డు వెనకకు వెళ్ళి నిలబడి బ్రేకు పట్టి చూడమన్నాము. అతని దీపం కూడ వెలగడం లేదు. అతనికీ తెలియదు. హోల్డరు గరుకు కాగితంతో తోమితే వెలిగినది.

గనుక ప్రియులారా, ఈ ఆదివారం బండి తీసే ముందు మీ పిల్లలలో ఒకరిని వెనక నిలబెట్టండి. "తొక్కితే వెలిగినదా? వదిలితే ఆరినదా?" అని రెండూ అడగండి. మేము ఒక్కటే అడిగి మోసపోయాము.

వచ్చే నెల, వానలకు ముందు వైపరు రబ్బర్ల సంగతి రాస్తాము.