గర్వమా, అభిమానమా?

"మా ఊరిని చూచి గర్వించుచున్నాము", "ఈ జాతిలో పుట్టినందుకు గర్వించుచున్నాము" అను వాక్యములు ఇప్పుడు సభావేదికలపైనను, గోడలపైనను, సెల్‌ఫోనుల తెరలపైనను నిత్యము కానవచ్చుచున్నవి. చెప్పువారి యుద్దేశము మంచిదే. మాట మాత్రము మంచిది కాదు. మన పెద్దలు గర్వించుటను మెచ్చుకోలుగా వాడలేదు. గర్వాంధుడనిరి, గర్వభంగమనిరి. గోవర్ధనోద్ధరణము ఇంద్రుని గర్వభంగకథ. పురాణకాలక్షేపమున గర్వమను శబ్దము చెవిని బడగానే భంగము కూడ రానున్నదని అరుగుమీది ముదుసలికి సైతము తెలియును. ఇంగ్లీషున నొక మాట మేలునకును కీడునకును రెంటికిని చెల్లును. దానిని తర్జుమా చేయబోయి మనవారు ఈ శబ్దమును తెచ్చి నెత్తిన బెట్టుకొనిరి. వారికి ఆ చోట మాట కరవైనచో మనకును కరవు కావలయునా?

మనకు కరవు లేదు సరికదా, ఎన్నుకొనుటయే కష్టము. ధనముగాని, విద్యగాని, యౌవనముగాని తలకెక్కిన నది మదము. అరిషడ్వర్గమున దానికి చోటు కలదు. ఉన్న బలమును ఎదుటివాడు గుర్తించునట్లు చూపుట దర్పము. లేనిదానిని ఉన్నట్లు చూపుట డంబము. బడాయి మాటలతోనే సరిపోవును, ఖర్చు లేనిది. పొగరన్నది అచ్చమైన మన మాట. గిత్తకును చెల్లును, మనుష్యునకును చెల్లును, కాడికి మెడ వంచనిదే పొగరు. వీటన్నిటి యడుగున "నేను" అనుకొనుచు కూర్చున్నది అహంకారము.

అభిమానము కథ వేరు. సాంఖ్యులు అహంకారమునకు లక్షణము చెప్పవలసివచ్చినపుడు ఈ యభిమానశబ్దమునే వాడిరి. అనగా సంస్కృతమున దాని పుట్టుక యంత నిర్దుష్టమైనది కాదు. తెలుగువాడు దానిని తన యింటికి దెచ్చుకొని మరియొక తీరున పెంచుకొన్నాడు. "ఆయనకు మాయందు అభిమానము" అన్నచో అది ప్రేమ. "అభిమానము గల మనిషి" అన్నచో ఒకరియెదుట చేయి చాపనివాడు. "అభిమానము చంపుకొని అడిగినాను" అన్నచో అది సిగ్గు. ప్రేమయు, పౌరుషమును, సిగ్గును ఒక్క మాటలో నిమిడిన భాష మాది. గర్వమున సిగ్గునకు చోటు లేదు. దుర్యోధనుని కూడ అభిమానధనుడనిరి గదా యని పండితులెవరైన నడుగవచ్చును. నిజమే, ఆ ధనము దుర్వినియోగమగుట కలదు. అంతమాత్రమున అది ధనము గాకపోదు.

ఈ భేదము కన్నులకు గట్టవలయునన్న హిందూపురమునుండి సుమారు 15 కిలోమీటర్లు ప్రయాణము చేసి లేపాక్షికి బోవలయును. అచ్చట ఏకశిలలో మలచిన బసవన్న సుమారు 27 అడుగుల పొడవును, 15 అడుగుల యెత్తును గలిగి, మెడలో గంటల హారముతో, మోర యెత్తి, కొంత దూరముననున్న వీరభద్రాలయమువైపు చూచుచున్నాడు. అడవి బాపిరాజు గారు ఈ బసవన్నపై పాట కట్టిరి. ఇంత యెత్తిన తలలో ఇసుమంత పొగరు కానరాదు. చూపు స్వామిపై నున్నది, మనపై లేదు. చూడవచ్చిన వారిలో కొందరు మాత్రము, ఇది మైసూరు చాముండికొండ నందికన్న పెద్దదా, తంజావూరు నందికన్న ఎన్ని అడుగులు హెచ్చు అని లెక్కలకు దిగుదురు. గర్వమునకు ఎప్పుడును కొలబద్ద కావలయును, ప్రక్కన తనకన్న పొట్టివాడొకడు కావలయును. రేపెవరో ఇంతకన్న పెద్ద నందిని సిమెంటుతో పోయించిరేని ఆ గర్వము గతియేమి? బసవన్నకు మాత్రము ఒక్క యంగుళమైనను తరుగదు.

ఆలయమును కట్టించినవారు విరుపణ్ణ, వీరణ్ణ అను సోదరులు. విజయనగరమున అచ్యుతదేవరాయలు ఏలుచున్న కాలమది, 1529 మొదలు 1542 వరకు. విరుపణ్ణ రాజు సెలవు లేక బొక్కసపు సొమ్మును గుడికి వెచ్చించెననియు, కన్నులు తీయించుమని ఆజ్ఞ కాగా తానే పెరికి గోడకు విసరెననియు జనులు చెప్పుకొందురు. గోడపై ఎర్రని మరకలను నేటికిని చూపుదురు. కళ్యాణమండపము అసంపూర్తిగా నిలిచిపోయినది. ఇది జనశ్రుతి, శాసనము కాదు. మేము దీనిని చరిత్రగా చెప్పుటలేదు. అయినను కథ చెప్పు తీరు గమనింపదగినది. రాజాజ్ఞను మీరినవాడు శిక్ష పొందెను గనుక దీనిని గర్వభంగకథగా చెప్పవచ్చును. లేపాక్షిలో నట్లు చెప్పరు. పరుల చేతి శిక్షకు నిలువలేని అభిమానవంతుడనియే చెప్పుదురు. జనులకు ఈ రెండు మాటల తూకము అంత చక్కగ తెలియును. ఖజానా లెక్క చెప్పవలసినవాడు కన్నులిచ్చిన మాత్రమున లెక్క తీరదని మా మనస్సున నొక సందేహము మిగిలియున్నది. అది వేరు సంగతి.

ఈ సీమ పేరునందే మరియొక నిదర్శనము కలదు. 1800వ సంవత్సరమున నైజాము ఈ జిల్లాలను ఇంగ్లీషు కుంఫిణీకి ధారవోసినందున మనకు దత్తమండలములని పేరు వచ్చెను. ఇచ్చినవాడొకడు, పుచ్చుకొన్నవాడొకడు, ఈయబడిన వస్తువులము మనము. హిందూపురము, పెనుగొండ, ధర్మవరము అన్నియు ఆ మూటలోనివే. నూట యిరువది యేండ్లకు పైగా ఆ పేరు మోసితిమి. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్రమహాసభ జరిగిన సందర్భమున, అనంతపురమున అధ్యాపకులుగానున్న చిలుకూరి నారాయణరావు గారు "రాయలసీమ" యను పేరు సూచింపగా సభవా రంగీకరించిరి. ఎవరిని తక్కువచేసి ఈ పేరు పెట్టుకొంటిమి? ఎవరినిని కాదు. వస్తువుగా పిలువబడుటకు సిగ్గుపడి మనుష్యులుగా పిలిపించుకొంటిమి. అది అభిమానము. అదే పేరును సినిమాలలో మీసము మెలివేయుటకును, తొడ గొట్టుటకును, కొడవలి యెత్తుటకును వాడుకొనుట గర్వము. ఆ బొమ్మను చూచి సీమవారే చప్పట్లు కొట్టుట మాకు చింత గొలుపుచున్నది. రాయల పేరు పెట్టుకొన్నవారు రాయలనాటి చెరువులలో పూడిక తీయించుటకు తొడ గొట్టినచో మేమును చప్పట్లు కొట్టుదుము.

భాష విషయమును దాచిపెట్టరాదు. లేపాక్షి శాసనములలో కన్నడమున నున్నవి కలవు. ఈ సంగతి చెప్పగానే కొందరు తెలుగువారి మొగములు చిన్నవగును, కొందరు కన్నడిగుల మొగములు వికసించును. రెండును గర్వపు చేష్టలే. ఈ సరిహద్దు తాలూకాలలో సంతకు బోయిన రైతు రెండు భాషలలో బేరమాడి యింటికి వచ్చును. వాని యభిమానము ఏ భాషకును తగ్గలేదు. శాసనము చదువనేర్చినవాడు అది యే లిపియైనను చదివి కాపాడును, నేర్వనివాడు దానిపై తన పేరు చెక్కిపోవును.

2022లో లేపాక్షి వీరభద్రాలయమును, ఏకశిలానందిని యునెస్కోవారి తాత్కాలిక పట్టికలో చేర్చిరి. సంతోషింపవలసినదే. తాత్కాలిక పట్టికలో చేరుట వేరు, ప్రపంచ వారసత్వ స్థలముగా నంగీకారము పొందుట వేరు. ఇది తెలియక బిరుదు వచ్చినదని ఊరేగుట బడాయి. బిరుదు రాకున్నను ఆ పైకప్పున విజయనగరకాలపు చిత్రములు కలవు. సున్నపు పూతపై వ్రాసిన ఆ బొమ్మలలో నాటి స్త్రీపురుషుల వస్త్రములు, తలపాగలు, కొప్పులు కానవచ్చుచున్నవి; కొన్ని ఇప్పటికే వెలిసిపోయినవి. వచ్చినవారిలో నధికులు నేలకు పూర్తిగ నానని స్తంభము క్రింద గుడ్డ దూర్చి వేడుక చూచి మరలిపోవుదురు. పదినిమిషములు తలయెత్తి పైకప్పు చూచువారు తక్కువ.

ఆ వస్త్రముల సంగతి వచ్చినది గనుక ధర్మవరము మాట కూడ చెప్పెదము. ధర్మవరపు పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు కలదు, అంచులకు లేపాక్షి లతల పోకడ కలదు. చీర కట్టినవారును, కొనియిచ్చినవారును మిగుల గర్వింతురు. 1985లో చేసిన చట్టము అంచు చీరల వంటి కొన్ని రకములను చేతిమగ్గములకే ప్రత్యేకించినది. అయినను మరమగ్గముపై నేసినదానిని చేనేతయని యమ్ముచున్నారు, రెండు వందలు తగ్గినదని మనము కొనుచున్నాము. గుంటమగ్గమున కాళ్లు పెట్టుకొని కూర్చున్న నేతగాడు తన నూలు అప్పు ఎట్లు తీరునాయని లెక్కించుకొనుచున్నాడు. పెండ్లిండ్ల కాలము రానున్నది. అంగడికి బోవు మా చదువరులు ఇది చేతిమగ్గమా, మరమగ్గమా యని యొక్కసారి గట్టిగ నడుగుదురుగాక.