టక్‌మంది, పేలలేదు

శబ్దం రావాల్సిన చోట రాకపోతే ఎంత భయమేస్తుందో పోయినేడు టెక్సాస్‌లో తెలిసింది. మా టీమ్‌లో రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ ఒకాయన జింకల వేటకి ముందు రైఫిల్ సరిచూసుకోవడానికి రేంజ్‌కి వెళ్తూ నన్నూ రమ్మన్నారు. నేను చూడటానికే వెళ్లా. వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదైనా ఉంటే తప్ప, వీసా మీదున్నవాళ్లు తుపాకీ పట్టుకోవడానికి అక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. చెవులకి మఫ్స్ తగిలించుకుని వెనక బెంచీ మీద కూర్చున్నా.

ఈయన తూటాలు ఇంట్లోనే చేసుకుంటారు. కాల్చేసిన ఇత్తడి కేసుల్ని కడిగి, కొలతకి దిద్ది, అడుగున కొత్త ప్రైమర్ కూర్చి, మందు పోసి, పైన బుల్లెట్ బిగిస్తారు. సొంత వాడకానికైతే అక్కడ మామూలే. (మన దగ్గర లైసెన్సు లేకుండా చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఇది చదివి ఎవరూ మొదలుపెట్టకండి.)

నాలుగు బాగానే పేలాయి. ఐదోది ‘టక్’ అంది. అంతే.

నేనైతే వెంటనే బోల్ట్ లాగి చూసేవాణ్ని. ఆయన కదల్లేదు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, పెదాలతో అంకెలు లెక్కపెడుతున్నారు. 30 దాకా లెక్కపెట్టాకే బోల్ట్ తెరిచారు. కారణం తర్వాత చెప్పారు. ప్రైమర్ ఒక్కోసారి ఆలస్యంగా అంటుకుంటుంది, దాన్ని హ్యాంగ్‌ఫైర్ అంటారు. బోల్ట్ తెరిచిన క్షణంలో పేలితే ఆ ఇత్తడి ముక్కలన్నీ ముఖం మీదకే. దీపావళికి తుస్సుమన్న లక్ష్మీబాంబు మీదకి వంగి చూస్తే మా అమ్మమ్మ వీపు మీద ఎందుకు చరిచేదో అప్పుడర్థమైంది.

20 తూటాల్లో 4 అలా మొరాయించాయి. ఒక్కోదాన్నీ మళ్లీ పెట్టి కాలిస్తే 3 పేలాయి. “రీట్రై చేస్తే పనిచేస్తోంది కదండీ, పర్లేదు” అన్నాను. మా ఉద్యోగంలో అర్ధరాత్రి ఎన్ని సమస్యల్ని ఇలాగే మూసేశామో! ఆయన నవ్వలేదు. “రెండోసారి పేలిందంటే అదే సాక్ష్యం” అన్నారు.

ప్రైమర్ అంటే చిన్న లోహపు గిన్నె. లోపల దెబ్బకి అంటుకునే రసాయనం, దాని వెనక దాగలి లాంటి చిన్న ముక్క ఉంటాయి. ఫైరింగ్ పిన్ కొట్టినప్పుడు రసాయనం ఆ రెండిటి మధ్య నలిగి మంట పుడుతుంది. ప్రైమర్ గుంట అడుక్కి దిగకపోతే పిన్ దెబ్బంతా దాన్ని లోపలికి నెట్టడానికే సరిపోతుంది. రెండో దెబ్బకి అది అడుక్కి ఆనుకుని ఉంటుంది కాబట్టి పేలుతుంది.

అయినా ఆయన తొందరపడి తీర్పు చెప్పలేదు. బోల్ట్‌లో గడ్డకట్టిన గ్రీజు ఉన్నా, స్ప్రింగ్ నీరసించినా దెబ్బ తేలికగానే పడుతుంది. కేసు భుజాన్ని దిద్దేటప్పుడు మరీ వెనక్కి నెట్టినా అంతే, పిన్ కొట్టగానే తూటా ముందుకి జారిపోతుంది. అందుకని అదే రైఫిల్‌లో దుకాణంలో కొన్న తూటాలు 10 కాల్చారు. పదీ పేలాయి. రైఫిల్ మీద అనుమానం చాలావరకు పోయింది. రాత్రి షెడ్‌లో మిగిలిన తూటాల్ని గేజ్‌లో దించి చూస్తే భుజం కొలతా సరిగ్గానే ఉంది.

తర్వాత తూటాల అడుగు మీద వేలితో తడిమారు. ప్రైమర్ కేసు అడుగు కంటే ఒక పిసరు, అంగుళంలో 3 నుంచి 5 వెయ్యోవంతులు, లోపలికి ఉండాలి. కొన్నిటికి పైకే తగిలింది. నన్నూ తడమమన్నారు; గోరుకి స్పష్టంగా తెలుస్తోంది. వాటన్నిటి మీదా సైన్యం ముద్ర ఉంది. మిలిటరీ కేసుల్లో ప్రైమర్ ఊడకుండా గుంట అంచుని నొక్కి ఉంచుతారు. మళ్లీ వాడాలంటే ఆ అంచుని చెక్కేయాలి. ఈయన చెక్కారుగానీ, ఒక గుప్పెడు కేసులు చెక్కనివి కలిసిపోయాయి. పేలని నాలుగోదాన్ని విప్పితే మందు పొడిగా, నిండుగానే ఉంది. ఇరుకు గుంటలోకి నొక్కినప్పుడే ప్రైమర్ పగిలి ఉంటుందని ఆయన అంచనా.

“పైకున్నవాటిని ప్రెస్‌లో పెట్టి ఇంకాస్త నొక్కేస్తే పోలా?” అన్నాను. ఈసారి నా వైపు చాలాసేపు చూశారు. లోపల మందు, పైన బుల్లెట్ ఉన్నదాన్ని ప్రైమర్ మీద నొక్కడమంటే, ఒళ్లో పెట్టుకుని తుపాకీ పేల్చుకోవడమే.

ఇంకో మాట కూడా చెప్పారు. ‘టక్’ కంటే ఆయనకి ‘ఫట్’ అన్న చిన్న శబ్దమంటేనే ఎక్కువ భయమట. మందు పోయడం మర్చిపోతే ప్రైమర్ ఒక్కటే పేలి, బుల్లెట్‌ని గొట్టంలోకి తోసి అక్కడే వదిలేస్తుంది. అది చూసుకోకుండా ఇంకోటి కాలిస్తే గొట్టమే పగలొచ్చు. ఆ శబ్దం వింటే ఆయన ఆ రోజుకి కాల్చడం ఆపేస్తారు.

శనివారం వేటకి దుకాణం డబ్బానే తీసుకెళ్లారు. ముద్రున్నవన్నీ ఒక డబ్బాలో వేసి, మూత మీద ఎర్ర మార్కర్‌తో పెద్ద ఇంటూ కొట్టారు. సోమవారం ఆఫీసుకి రాగానే, నేను ‘రీట్రై చేస్తే సరి’ అని మూసేసిన ఒక టికెట్‌ని ఆయనే మళ్లీ తెరిచి, నా పేరు మీదే పెట్టారు.