కారును దించండి, స్ప్రింగును మాత్రం కోయకండి

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాత రైల్వే ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నదే. అక్షరాలు కొంచెం అటూ ఇటూ ఉంటే సర్దుకొని చదవండి.

మన ఇళ్లల్లో పిల్లకాయలు ఈమధ్య సెకండ్ హ్యాండులో సివిక్, పోలో లాంటి కార్లు కొంటున్నారు. కొన్న నెలలోపే దాన్ని స్పోర్ట్స్ కారులాగా కిందికి దించాలని ఆశ. కంపెనీ స్ప్రింగులు తీసేసి పొట్టి స్ప్రింగులు వేస్తే కారు ఒక అంగుళమో ఒకటిన్నర అంగుళమో కిందికి కూర్చుంటుంది. వీటినే లోయరింగ్ స్ప్రింగులు అంటారు. మన గ్రూపులో కొందరు పెద్దలు ఇది రౌడీ పని అని రాస్తున్నారు. నేను ఒప్పుకోను. తిడితే పిల్లకాయలు మానరు, ఇంట్లో చెప్పకుండా చేస్తారు. చెప్పకుండా చేసే పనికి డబ్బు తక్కువ ఉంటుంది. అప్పుడే ఏదో ఒక షెడ్డులో గ్యాస్ కటరు పెట్టి ఉన్న స్ప్రింగునే రెండు చుట్లు కోయించుకుంటారు. నా భయమంతా ఆ కటరు గురించే.

ముందు వాళ్ల పక్షం చెబుతాను. యంత్రం విప్పి చూడాలనే ఆశ తమిళనాడు తెలుగువాళ్లకు కొత్త కాదు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టిన జి.డి. నాయుడుగారు మనవారే. కారు దించితే లాభం కూడా నిజమే. బరువు నేలకు దగ్గరవుతుంది, మలుపులో బండి పక్కకు ఒరగడం తగ్గుతుంది. చెన్నై హైవేలో లేను మారేటప్పుడు ఆ తేడా చేతికి తెలుస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. బడిలో మాకు కాయిల్ స్ప్రింగును సురుళ్‌విల్ అని చెప్పారు. ఎంత బరువు పెడితే అంత నలుగుతుందని హుక్ నియమం. బండి గుంతలో పడినప్పుడు ఆ దెబ్బను స్ప్రింగు నలిగి మింగాలి. కారు దించితే నలగడానికి ఉన్న దారి తగ్గిపోతుంది. దారి సగమైతే, అదే దెబ్బను ఆపడానికి స్ప్రింగు నాలుగింతలు గట్టిగా ఉండాలి. అంత గట్టి స్ప్రింగు వేస్తే ఎవరి నడుమూ మిగలదు. అందుకే మంచి కంపెనీలు కొంచెమే దించి, కొంచెమే గట్టి చేస్తాయి. జర్మనీ ఐబాక్, హెచ్ అండ్ ఆర్ లాంటివాళ్లు ఏ కారుకు ఆ కారుకు వేరుగా స్ప్రింగు చేసేది ఇందుకే.

కోసిన స్ప్రింగుకు ఈ లెక్క ఏదీ లేదు. గ్యాస్ మంటకు ఉక్కు పదును పోతుంది, తర్వాత అక్కడే విరగవచ్చు. కోసిన కొన సీటులో సరిగ్గా కూర్చోదు. చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగు జారిపోవచ్చు కూడా.

నేను ఫిట్టరును కాను, క్లర్కును. కానీ రైల్వేలో బండి ఎత్తు ఎవరిష్టం వారిది కాదని నాకు తెలుసు. బ్రాడ్‌గేజిలో బఫరు ఎత్తు ఖాళీ బోగీకి 1105 మిల్లీమీటర్లు దాటకూడదు, నిండు బోగీకి 1030కి తగ్గకూడదు. అంత పెద్ద బోగీకి ఇచ్చిన సందు 75 మిల్లీమీటర్లే. మన పిల్లవాడు చిన్న కారులో 60, 70 దించుతానంటే ఎట్లా?

మన ఊర్ల దారి కూడా చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మామూలు చిన్న కారు అడుగు నేలకు 160, 170 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 40 దించితే 125 దగ్గర నిలుస్తుంది. నలుగురు ఎక్కితే ఇంకా రెండు సెంటీమీటర్లు పోతాయి. అంటే కొలత ప్రకారం కట్టిన బ్రేకరుకే కడుపు తగిలేటట్టు ఉంటుంది. గుడియాత్తం సందుల్లో జనమే సిమెంటు పోసి కట్టుకున్న వేగత్తడైలు ఏ కొలతకూ లోబడవు. ఆ కారులో వెళ్లేది పిల్లవాడు ఒక్కడే కాదు. అవ్వను వేలూరు సీఎంసీకి తీసుకుపోయేది కూడా అందులోనే.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉంది. కాబట్టి స్ప్రింగు కొనకముందే ఆర్‌టీవో ఆఫీసులో రాసి అడగండి. ఇన్సూరెన్సువాళ్లకూ రాసి చెప్పండి. ప్రమాదం జరిగినాక చెబితే ఎవరూ వినరు.

అనుమతి వచ్చి, చేయాలనే ఉంటే ఇట్లా చేయండి.

ఒకటి, 25, 30 మిల్లీమీటర్లకు మించి దించకండి. మీ మోడలుకని చేసిన స్ప్రింగే కొనండి. నాలుగూ ఒకేసారి మార్చండి.

రెండు, షాక్ అబ్జార్బరు పాతదైతే దాన్నీ మార్చండి. గట్టి స్ప్రింగు ఎగిరి దూకేటప్పుడు పట్టి ఆపేది అదే. పైన మౌంటు, బంప్ స్టాపు రబ్బరు కూడా చూపించండి.

మూడు, ఇంట్లో విప్పకండి. బిగిసి ఉన్న స్ప్రింగు కంప్రెసరు నుంచి జారితే మనిషి ప్రాణం తీస్తుంది.

నాలుగు, ఆర్ముల రబ్బరు బుష్షుల బోల్టులు బండి చక్రాల మీద నిలిచినాకే చివరి బిగింపు బిగించమనండి. జాకీ మీద ఉండగా బిగిస్తే బుష్షు మెలితిరిగి చిరుగుతుంది. చాలా షెడ్లలో ఇది మరిచిపోతారు.

ఐదు, వెంటనే వీల్ అలైన్‌మెంటు చేయించండి. స్ప్రింగులు సర్దుకున్నాక మళ్లీ ఒకసారి చేయించండి. లేకుంటే టైరు లోపలి అంచు అరిగిపోతుంది, బయట నుంచి చూస్తే తెలియదు. హెడ్‌లైటు వెలుగు ఎక్కడ పడుతోందో కూడా సరిచూసుకోండి.

ఆరు, తీసిన పాత స్ప్రింగులు పాత ఇనుపవాడికి వేయకండి. కారు అమ్మేటప్పుడు కావాలి.

వేగం మీదే ఆశ అయితే అదే చెన్నై హైవేలో ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకు ఉంది. పళ్లికొండ టోలు దాటినాక రోడ్డు మీద రేసు వద్దు.

పెద్దలకు నా మనవి ఒకటే. పిల్లవాడు "కారు దించాలి" అన్న రోజు కోపం పెట్టుకోకుండా "ఎన్ని మిల్లీమీటర్లు, ఎవరు బిగిస్తారు, ఆర్‌టీవో ఏమన్నారు" అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబు లేకపోతే వాడే ఆలోచిస్తాడు. మన సంఘం హాలులో ఒక ఆదివారం తెలిసిన మెకానిక్కును, ఆర్‌టీవో ఆఫీసు మనిషిని పిలిచి పిల్లకాయలతో మాట్లాడిద్దామని నా ఆలోచన. కాఫీ ఖర్చు నాది. ఒప్పుకునేవారు, ఒప్పుకోనివారు ఇద్దరూ కింద రాయండి.