ముందు చేంజోవర్... ఆ తర్వాతే జనరేటర్

అక్టోబరు వచ్చిందంటే మన ఉద్దానం రైతుకు గుబులు మొదలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కుదిపేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మన కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ ఒరిగిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లు ఎన్నో. బావిలో నీళ్లున్నా ట్యాంకుకు ఎక్కలేదు. పట్నంలో ఉన్న కొడుక్కి క్షేమంగా ఉన్నామని చెబుదామంటే ఫోనులో చార్జింగు లేదు. అప్పటి నుంచి "ఇంటికో చిన్న జనరేటర్ ఉంటే బాగుణ్ణు" అనే మాట ఊరూరా వినిపిస్తోంది. కొందరు కొన్నారు. మరికొందరు కొనే ఆలోచనలో ఉన్నారు.

కొనవద్దని చెప్పడానికి కాదు ఈ నాలుగు మాటలు. జనరేటర్ కంటే ముందు చేంజోవర్ స్విచ్ కొనండి, అది బిగించాకే జనరేటర్ తాడు లాగండి అని చెప్పడానికి. ఎందుకు చెబుతున్నానంటే, ఆ తప్పు నేనూ చేశాను కనుక.

తిత్లీ వెళ్లిన నాలుగో రోజున బంధువుల ఇంటి నుంచి ఒక పెట్రోలు జనరేటర్ తెచ్చాను. రెండు చివరలా పిన్నులు పెట్టిన తీగ ఒకటి తయారు చేసి, ఒక కొస జనరేటర్‌కు, రెండో కొస ఇంటి గోడ ప్లగ్గుకు పెట్టాను. ఇల్లంతా వెలిగింది. మహా తెలివైన పని చేశాననుకున్నాను. గంట తిరక్కుండానే లైన్‌మన్ పరుగున వచ్చాడు. మా వీధి స్తంభం ఎక్కబోయే ముందు టెస్టర్ పెట్టి చూస్తే తీగలో కరెంటు ఉందట. "ఏటి బావూ, మమ్మల్ని సంపేద్దామనుకున్నారేటి?" అన్నాడు. మెయిన్ స్విచ్ ఆపడం మరచిపోయానన్న సంగతి అప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆ కుర్రాడు టెస్టర్ పెట్టకుండా చెయ్యి వేసి ఉంటే? ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

కరెంటు వెనక్కి ఎలా వెళుతుంది?

ట్రాన్స్‌ఫార్మర్ పై లైనులోని వేల వోల్టులను దించి మన ఇంటికి 230 వోల్టులు ఇస్తుంది. దానికి అటూ ఇటూ అనే తేడా లేదు. కింది నుంచి 230 వోల్టులు ఎక్కిస్తే పైన మళ్లీ వేల వోల్టులు పుడతాయి. లైను ఆపేశామన్న ధైర్యంతో దూరాన స్తంభం మీద పని చేస్తున్న మనిషికి అది యమపాశం. ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోనక్కర లేదు, మన వీధి తీగలో ఉన్న 230 వోల్టులే ప్రాణం తీయడానికి చాలు. తెగి పడిన తీగను దాటే పశువుకూ, పిల్లలకూ అదే ప్రమాదం.

"చిన్న జనరేటర్ కదా, ఊరి లోడంతా మీద పడితే దానంతటదే ఆగిపోతుంది" అని కొందరు వాదిస్తారు. మామూలు రోజుల్లో అలా ఆగవచ్చు. కానీ గాలివానకు తీగ మన ఇంటి తర్వాత తెగిపోయి ఉంటే దాని మీద లోడేముంటుంది? జనరేటర్ హాయిగా తిరుగుతూనే ఉంటుంది, తెగిన కొసలో కరెంటు ఉంటూనే ఉంటుంది.

"మెయిన్ ఆపేస్తాం లెండి" అనేవారూ ఉన్నారు. నేనూ అనుకున్నాను. చీకట్లో, వానలో, కంగారులో మరచిపోతాం. మనం ఆపినా ఇంట్లో మరొకరు తెలియక వేస్తారు. ఆ సమయంలో అసలు కరెంటు వచ్చిందా, జనరేటర్ కాలిపోతుంది. పైగా రెండు పిన్నుల తీగలో ఒక కొస ఊడితే, బయటికి కనిపించే ఆ పిన్నుల్లోనే కరెంటు ఉంటుంది. మనిషి జ్ఞాపకం మీద ఆధారపడే ఏర్పాటు ఏర్పాటే కాదు.

చేంజోవర్ చేసే పని ఒక్కటే. ఇల్లు లైనుకైనా కలిసి ఉంటుంది, జనరేటర్‌కైనా కలిసి ఉంటుంది. రెండింటికీ ఒకేసారి కలవదు. మరచిపోయినా తప్పు జరగదు. ఇంటికి రెండు పోల్‌లది తీసుకోవాలి. అంటే ఫేజు, న్యూట్రల్ రెండూ మారాలి. త్రీఫేజు మోటారుకైతే నాలుగు పోల్‌లది. జనరేటర్ ధరలో దీని ఖర్చు చాలా చిన్న పాలు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతనే బిగించుకోండి. జనరేటర్ బాడీకి, ఇంటికి సరైన ఎర్తింగు ఉందో లేదో అప్పుడే చూపించండి. జనరేటర్ పెట్టుకున్నామని మీ కరెంటు ఆఫీసులో ఒక మాట చెప్పి ఉంచడం మరీ మంచిది.

ఎంత జనరేటర్ కావాలి?

దుకాణానికి వెళ్లే ముందు కాగితం తీసుకొని లెక్క వేయండి. కరెంటు లేని రోజున ఏవి లేకపోతే గడవదో అవే రాయండి. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు నాలుగు, 75 వాట్ల ఫ్యాన్లు రెండు, ఒక టీవీ, ఫోను చార్జర్లు. ఇవన్నీ కలిపినా మూడు వందల వాట్లు దాటవు. ఒక కె.వి.ఎ. అంటే సుమారు 800 వాట్లని లెక్క కట్టుకోండి. ఇంతవరకే అయితే ఒక కె.వి.ఎ. జనరేటర్ చాలు.

తేడా వచ్చేదల్లా మోటారుతోనే. పెరటి బావి మీది అర హెచ్.పి. మోటారు తిరిగేటప్పుడు 600 వాట్ల దాకా తీసుకుంటుంది. కానీ బయలుదేరే క్షణంలో దానికి మూడు నాలుగు రెట్లు లాగుతుంది. ఫ్రిజ్ పద్ధతీ అంతే. కాబట్టి అర హెచ్.పి. మోటారు ఉన్న ఇంటికి రెండున్నర, మూడు కె.వి.ఎ. కావాలి. ఒక హెచ్.పి. అయితే నాలుగైదు కె.వి.ఎ. చూసుకోవాలి. నడిపేటప్పుడు ముందు మోటారు వేయండి, అది అందుకున్నాక మిగతావి వేయండి. ట్యాంకు నిండగానే మోటారు కట్టేస్తే మీ లోడు సగానికి పైగా తగ్గిపోతుంది. అమ్మేవాడు "ఇంకొంచెం పెద్దది తీసుకోండి, భవిష్యత్తుకు పనికొస్తుంది" అంటాడు. పెద్ద జనరేటర్ చిన్న లోడుకు కూడా ఎక్కువే తాగుతుందని మరవకండి.

పొలం మోటారు సంగతి వేరు

"జనరేటరే కొంటున్నాం, పొలంలో బోరుకూ పనికొచ్చేదే కొందాం" అని చిన్న రైతు అప్పు చేయడం నాకు నచ్చని పని. 5 హెచ్.పి. మోటారు బయలుదేరేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. దాన్ని డి.ఓ.ఎల్. స్టార్టరుతో లేపాలంటే 12.5 నుంచి 15 కె.వి.ఎ. డీజిల్ జనరేటర్ కావాలి. అది గంటకు దాదాపు రెండు లీటర్లు తాగుతుంది. లీటరు వంద రూపాయలని వేసుకున్నా గంటకు రెండు వందలు. ఎకరం తడవడానికి ఎనిమిది గంటలు పడితే డీజిలుకే పదహారు వందలు. 2004 నుంచి పొలానికి ఉచిత కరెంటు వాడుతున్న మనం ఈ లెక్క ఒకసారి గట్టిగా చూసుకోవాలి. ఒకటి రెండు ఎకరాల పంటలో ఈ ఖర్చు తిరిగి రాదు.

పొట్ట దశలో ఉన్న వరి ఎండిపోతుంటే చూస్తూ కూర్చోమని కాదు. అలాంటప్పుడు ఒకటి రెండు తడుల కోసం జనరేటర్ అద్దెకు తెచ్చుకోండి. నలుగురు కలిసి తెచ్చుకుంటే ఇంకా మంచిది. మోటారు తిరుగుతున్నా నీళ్లు తక్కువ పోస్తుంటే ఫేజులు తారుమారై అది వెనక్కి తిరుగుతోందేమో చూపించండి. నీళ్లు ఇరవై అడుగుల లోపునే ఉన్న బావో, కాలువో అయితే జనరేటర్ వద్దే వద్దు, ఆయిల్ ఇంజిను పెట్టండి. ఇంజినుతో కరెంటు పుట్టించి, ఆ కరెంటుతో మోటారు తిప్పే కంటే ఇంజినుతోనే నేరుగా నీళ్లు తోడితే సగం డీజిలు మిగులుతుంది.

రోజూ గంటో రెండు గంటలో పోయే కరెంటుకు కూడా జనరేటర్ దండగ. ఇన్వర్టరు చాలు. 150 ఏ.హెచ్. బ్యాటరీ మంచి స్థితిలో ఉంటే రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు సుమారు ఆరు గంటలు నడుస్తాయి. పొగ లేదు, చప్పుడు లేదు. జనరేటర్ అవసరం రోజుల తరబడి కరెంటు రాని తుపానుకే.

ఇంకో మాట. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి మీద సోలార్ పలకలు పెట్టించుకున్నవారు "ఇక మాకు తుపాను బెంగ లేదు" అనుకుంటున్నారు. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సోలార్, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. చెడిపోయి కాదు, అలా ఆగేలాగే తయారు చేస్తారు. కారణం మనం పైన చెప్పుకున్నదే, స్తంభం మీది మనిషి ప్రాణం. సోలార్ చేసే వాళ్లకు ఉన్న ఆ జాగ్రత్త జనరేటర్ పెట్టే మనకూ ఉండవద్దా?

పొగతో జాగ్రత్త

లైన్‌మన్‌కు చేంజోవర్ ఎంతో మన ఇంటిల్లిపాదికీ ఇది అంత. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తుపాను రోజున గాలికి తలుపులు, కిటికీలు బిగించుకుంటాం. వాన పడుతోందని జనరేటర్ను వసారాలోకో వంటింట్లోకో లాగుతాం. రాత్రి పడుకున్నవారు పడుకున్నట్టే పోయే ప్రమాదం ఉంది. కిటికీ తీశాం కదా అంటే సరిపోదు.

ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటి వైపు కాకుండా పెట్టండి. వాన తగలకుండా పైన రేకు వేసి, నాలుగు పక్కలా గాలి ఆడనివ్వండి. కింద నీళ్లు నిలవకుండా గట్టు మీద పెట్టండి. జనరేటర్ నడుస్తుండగా ఇంట్లో ఎవరికైనా తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుంటే వెంటనే అందరూ బయటికి వచ్చేసి ఆస్పత్రికి వెళ్లండి. పెట్రోలు పోయాలంటే ఇంజిను ఆపి, చల్లారాకే పోయండి. పెట్రోలు డబ్బా పొయ్యి దరిదాపుల్లో ఉంచవద్దు.

కొని మూల పడేసిన జనరేటర్ తుపాను రోజున తిరగదు. నెలకొకసారి పావుగంట సేపు లోడు పెట్టి నడపండి. ఆయిలు మట్టం ప్రతిసారీ చూడండి. నెలల తరబడి వాడనప్పుడు పాత పెట్రోలు తీసేయండి, లేదంటే కార్బ్యురేటరు పూడుకుపోతుంది.

చివరగా ఒక్క మనవి. మూడు కె.వి.ఎ. జనరేటర్ ఇంటికొకటి అక్కర లేదు. పక్కపక్కన ఉన్న నాలుగు కుటుంబాలు కలిసి ఒకటి కొని, వంతులవారీగా ట్యాంకులు నింపుకోవచ్చు. అయితే జనరేటర్ ఒకటే అయినా చేంజోవర్ మాత్రం నాలుగిళ్లకూ నాలుగు ఉండాలి. ఇక్కడ పొదుపు పనికిరాదు.

ఈసారి తుపాను వచ్చినప్పుడు మన ఊరికి వెలుగు తేవడానికి ఏ ఊరి నుంచో లైన్‌మన్లు వస్తారు. మనకు తెలియని తల్లుల బిడ్డలు వాళ్లు. వానలో తడుస్తూ మన స్తంభం ఎక్కుతారు. మన ఇంట్లో వెలిగే బల్బు వాళ్లింట్లో దీపం ఆర్పకూడదు. తీగ తెగిపడితే 1912కు ఫోను చేయండి. మీ ఇంట్లో రెండు పిన్నుల తీగ ఉంటే, ఈ పేజీ చదవడం అయిన వెంటనే దాన్ని కోసి పారేయండి.