ఎవరినడిగి వేస్తున్నారీ పాట?

ఎఫ్‌ఎం రేడియోలో ఒకే పాట పొద్దున్నా సాయంత్రం ఎందుకు మోగుతుందని ఎవరైనా విసుక్కుంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: జనం కోరుకుంటున్నారు కాబట్టి. రేడియోలో పనిచేసేవాళ్లే కాదు, సినిమా పాటల మీద కాస్తో కూస్తో రాసేవాళ్లూ, టీకొట్టు దగ్గర వాదించేవాళ్లూ ఇదే మాట అంటారు. కోరుకోకపోతే ఎందుకు వేస్తారండీ, వాళ్లదేం ధర్మసత్రమా, వ్యాపారం కదా అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. అందుకే దాన్ని ఎవరూ గుచ్చి అడగరు. నేను అడుగుతున్నాను. ఏ జనం? ఎప్పుడు కోరారు? ఎవరు లెక్కపెట్టారు?

లెక్కల సంగతే ముందు చూద్దాం. టీవీకి రేటింగులున్నట్టే రేడియోకీ ఉండాలని 2007లో టామ్ సంస్థ ‘రామ్’ అనే కొలతని మొదలుపెట్టింది. కొంతమంది శ్రోతల్ని ఎంచుకుని, ఏ స్టేషను ఎంతసేపు విన్నారో డైరీలో రాయించేది. ముంబయి, ఢిల్లీ, బెంగళూరు, కోల్‌కతా. ఇవీ దాని ఊళ్లు. అందులో హైదరాబాదే లేదు, విశాఖపట్నం అసలే లేదు. ఇక విజయనగరం, శ్రీకాకుళం మాటెత్తితే నవ్వుతారు. పైగా ఆ డైరీ చెప్పేది ఏ స్టేషను పెట్టుకున్నారని. ఏ పాట వినాలని ఉందో అందులో రాసే చోటే లేదు.

మన రెండు జిల్లాలకీ సొంత ప్రైవేటు ఎఫ్‌ఎం లేదు. మనకి వినిపించేదంతా విశాఖపట్నం నుంచి పొర్లి వచ్చేదే. విజయనగరం దాకా బాగానే అందుతుంది. హైవే మీద రణస్థలం దాటాక గరగర మొదలవుతుంది. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలికి వచ్చేసరికి పాటకంటే గాలి ఎక్కువ. ప్రకటనలిచ్చే దుకాణాలు విశాఖవి, రద్దీ కబుర్లు విశాఖవి. మనం వాళ్ల లెక్కలో దారిన పోతూ విన్నవాళ్లం. అయినా ‘జనం’ అన్నప్పుడు మాత్రం మనల్నీ ఉచితంగా కలిపేసుకుంటారు.

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో ఒక దర్జీ కొట్టు ఉంది. గుండీల డబ్బాల పక్కన రేడియో, దాని ఏరియల్ విరిగితే కట్టిన రాగితీగ కిటికీ ఊచకి చుట్టి ఉంటుంది. పొద్దున్న షట్టరు ఎత్తినప్పుడు పెడితే రాత్రి దించేదాకా కట్టరు. నేను జాకెట్టు గుడ్డలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఒక పాట మొదలైంది. ఆయన మిషను ఆపి, ఎదురుకొట్టు కుర్రాడికి చెయ్యి ఊపాడు. “మూడైపోనాది. టీ సెప్పాల” అన్నాడు. గోడ మీద గడియారం ఉంది, ఆయన దాని వంక చూడలేదు. ఆ పాట ఆ వేళకి వస్తుందంతే. బాగుండదా ఈ పాట అని అడిగాను. “బాగోకపోడానికేటి బాబూ, బాగుంటాది. ఎన్నిసార్లని?” అన్నాడు. వేరేది అడగొచ్చు కదా, ఫోను నంబరు చెబుతూనే ఉంటారు కదా అన్నాను. “అడిగేను ఓపాలి. సుశీలమ్మ పాటేదైనా ఎయ్యండన్నాను. ఇప్పుడు ఆ టైము కాదన్నారు.”

ఆ సుశీలమ్మ 1935లో ఈ ఊళ్లోనే పుట్టింది. ఈ ఊరి సంగీత కళాశాలలోనే చదువుకుంది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు పెద్దదిక్కుగా మొదలైన కళాశాల అది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుర్రాడు ఘంటసాల వారాలు చేసుకుంటూ పాట నేర్చుకున్నదీ ఈ ఊళ్లోనే. సాలూరి రాజేశ్వరరావుది సాలూరు దగ్గర శివరామపురం. తెలుగు సినిమా పాటకి ఇది పుట్టింటి వైపు. 2016లో గిన్నిస్ వాళ్లు లెక్కగట్టి, సుశీల పాడిన పాటలు ఆరు భాషల్లో కలిపి 17,695 అని తేల్చారు. అందులో తెలుగువి ఎన్ని వేలని వేసుకున్నా, మన ఎఫ్‌ఎంలో రాత్రిపూట పాత పాటల గంటలో తిరిగేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటినే అమృత గుళికలంటూ ఏళ్ల తరబడి వినిపిస్తారు. ఈ జబ్బు కొత్త పాటలది మాత్రమే అనుకునేవాళ్లు ఆ గంట ఒక వారం విని చూడండి.

మైకు ముందున్న కుర్రాడిదో అమ్మాయిదో తప్పనుకుంటాం. చాలాచోట్ల పాట వాళ్ల చేతిలో ఉండదు. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో కూర్చే సాఫ్ట్‌వేర్లు నలభై ఏళ్ల నుంచీ ఉన్నాయి. పాటల్ని వర్గాలుగా విడదీస్తారు. అగ్రవర్గంలో పడిన పాట రెండు మూడు గంటలకోసారి తిరిగి వస్తుంది, తర్వాతిది పూటకోసారి, ఆ తర్వాతిది ఎప్పుడో. ఏది ఏ వర్గంలోకి వెళ్లాలన్నదానికి పాశ్చాత్య దేశాల్లో పుట్టిన పరీక్ష ఒకటుంది. కొందరికి ఫోను చేసి పాటలో బాగా నోట్లో ఆడే ముక్కని కొన్ని సెకన్లు వినిపిస్తారు. విన్నారా, నచ్చిందా, విసుగెత్తిందా అని అడుగుతారు. అవును, విసుగుకి కూడా ఒక గడి ఉంది. విసుగు మార్కులు హద్దు దాటితే పాటని కిందికి దించుతారు. విసుగు పుట్టేదాకా వాయించడం ఇందులో పొరపాటుగా జరిగేది కాదు, పద్ధతే అది.

ఈ పరీక్షలో ఇంకో మెలిక ఉంది. పది సెకన్ల ముక్క విని మార్కులు వేయాలంటే ఆ పాట ముందే తెలిసి ఉండాలి. తెలియనిదానికి మార్కులు రావు. మార్కులు రానిది వేయరు. వేయనిది తెలియదు. జనం కోరికంటూ మన ముందుకు తెచ్చేది ఈ గుండ్రం చుట్టూ తిరిగి వచ్చినదే.

పదేపదే వింటే నచ్చుతుందా అంటే, నచ్చుతుంది. అది నేను కాదనను. 1968లో రాబర్ట్ జాయన్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, అర్థంలేని మాటల్ని, చైనా అక్షరాల్లాంటి గుర్తుల్ని మనుషులకి మళ్లీ మళ్లీ చూపించాడు. ఎక్కువసార్లు చూసినవాటిని వాళ్లు మంచివిగా భావించారు. అర్థంలేని గుర్తుకే ఆ యోగం పడితే, మంచి గాయకుడు పాడి, మంచి తాళం పడిన పాటకి పట్టదా? మా దర్జీ బాగుంటాదన్నది నిజమే. అయితే ఆయన ఇష్టం ఆ పాట వేయడానికి కారణం కాదు. వేయగా వేయగా మిగిలినది. దాన్నే పట్టుకెళ్లి, చూశారా జనం కోరుకుంటున్నారు అని చూపిస్తున్నారు.

కొద్ది పాటలనే తిప్పి తిప్పి వేసే ఈ ‘టాప్ 40’ పద్ధతి అమెరికాలో ఊపందుకున్న 1950ల్లోనే దాని వెనకాల లంచాలూ బయటపడ్డాయి. పాట వేయమని డబ్బు పుచ్చుకున్నందుకు పేరుమోసిన డీజేల ఉద్యోగాలు పోయాయి, 1960లో చట్టం తెచ్చారు. మన దగ్గర అలా ఉందని నేను అనడం లేదు. ఆ అవసరమే లేదు. సినిమా విడుదలకి ముందు లిరికల్ వీడియో, తర్వాత ప్రీ రిలీజ్ వేడుక, ఆ సినిమావాళ్ల ఇంటర్వ్యూ, అదే సినిమా ప్రకటన, ఆ మధ్యలో ఆ సినిమా పాట. అందరూ ఒకే పందిట్లో భోంచేస్తున్నప్పుడు విడిగా ఎవరి చేతిలో ఎవరు పెట్టాలి?

వేరే పాటలు వేస్తే ఖర్చు భారమని కొందరంటారు. అదీ నిలవదు. 2010 ఆగస్టులో కాపీరైట్ బోర్డు, ఎఫ్‌ఎం స్టేషన్లు ప్రకటనల మీద వచ్చే నికర ఆదాయంలో 2 శాతం పాటల కంపెనీలకి ఇస్తే చాలంది. తర్వాత లెక్కగట్టే తీరు మారింది గాని, హిట్టు పాటకి ఒక ధర, మరుగున పడిన పాటకి ఒక ధర అన్నది పెట్టలేదు. బీరువాలో ఉన్నదాన్ని తీసి వేస్తే పైసా ఎక్కువ కాదు.

నా అసలు కోపం వేరే చోట ఉంది. ఈ నేల పాట రేడియోలోకి రావాలంటే సినిమా టిక్కెట్టు కొనుక్కుని రావాలి. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు కట్టిన ‘ఏం పిల్లడో’ దశాబ్దాలపాటు గజ్జెలతో, గొంగళితో ఊరూరూ తిరిగింది. 2009లో మగధీరలో దాని పల్లవితో ఒక పాట వచ్చాక ఎఫ్‌ఎంలకి అది పాటలా కనిపించింది. వంగపండు తన గొంతుతో పాడినది మాత్రం నేను విన్నంతలో ఏ ప్రైవేటు స్టేషనూ వేయలేదు. ఆయన 2020 ఆగస్టు 4న పోయారు. అదే ఏడాది మార్చిలో పలాస 1978 వచ్చింది. ఇక్కడి ఆడవాళ్లూ మగవాళ్లూ ఎప్పట్నుంచో పాడుకుంటున్న నక్కిలీసు గొలుసు పాట ఆ సినిమాలో పడ్డాకే ‘కొత్త హిట్టు’ అయింది. పలాస జీడిపిక్కల బట్టీల్లో పిక్క కొట్టేవాళ్లకి అది కొత్తదని చెప్పి చూడండి, ఏమంటారో.

2025 ఫిబ్రవరిలో తండేల్ వచ్చింది. పాకిస్తాన్ చెరలో పడిన మన శ్రీకాకుళం మత్స్యకారుల కథ. దాని పాట బుజ్జితల్లి సినిమాకి ముందూ తర్వాతా ఎంత మోగిందో చెప్పనక్కర్లేదు. మంచి పాటే, నాకూ ఇష్టమే. కానీ ఎచ్చెర్ల ఒడ్డున వల లాగేటప్పుడు వాళ్లు పాడుకునే పాట మాటేమిటి? తప్పెటగుళ్ల వాళ్ల గుండెల మీద మోగే రేకు చప్పుడు మాటేమిటి? జముకుల కథ? తూర్పు భాగవతం? కొండమీద సవరల పాట? గరిమెళ్ల సత్యనారాయణని తెల్లవాళ్లు జైల్లో పెట్టింది పాట రాసినందుకు. ఆయనది నరసన్నపేట దగ్గర గోనెపాడు. బొడ్డపాడు సుబ్బారావు పాణిగ్రాహి ఊళ్లని కదిలించింది జముకుల కథతో. పాటంటే ఇంత పట్టింపు ఉన్న జిల్లాలకి, మీ అభిరుచి ఇదీ అని ఒక ఇరవై పాటల జాబితా చేతిలో పెడుతున్నారు. ఇక్కడి కుర్రాళ్లు ఇంటి డాబా మీద తీసి యూట్యూబులో పెట్టే జానపద పాటల్ని లక్షలమంది చూస్తున్నారు. ఆ లక్షలమందీ జనం కారా?

మరి ఆకాశవాణి గొప్పదా అని ఎదురడిగేవాళ్లున్నారు. అంత గొప్పదేం కాదు. 1952లో కేంద్రమంత్రి కేస్కర్ గారికి సినిమా పాట నచ్చక దాన్ని ఆకాశవాణి నుంచి దాదాపు వెళ్లగొట్టారు. జనం రేడియో సిలోన్‌కి తిప్పుకున్నారు. చివరికి 1957లో వివిధ భారతి పెట్టాల్సి వచ్చింది. జనానికి ఏది మంచిదో తనకే తెలుసనుకున్న మంత్రికీ, జనానికి ఏది ఇష్టమో తనకే తెలుసనుకుంటున్న మార్కెటింగు మేనేజరుకీ పెద్ద తేడా లేదు. ఇద్దరూ అడగరు. వివిధ భారతి జనరంజని మాత్రం, తనకున్న లోపాలన్నిటితోనూ, అడిగేది. పోస్టుకార్డు మీద ఆమదాలవలస నుంచో బొబ్బిలి నుంచో ఒకరు రాసేవారు. వాళ్ల పేర్లు చదివి, వాళ్లడిగిన పాట వేసేవారు. ఒక్కోసారి ఆ సినిమా పేరే మనం విని ఉండం. ఎవడికో ఒకడికి ఆ పాటతో ఏదో సంబంధం ఉంది, కార్డు ముక్క ఖర్చుపెట్టాడు. దానివల్ల మిగతావాళ్లం ఒక కొత్త పాట విన్నాం. కోరిక అంటే అదీ, ఊరూ పేరూ ఉన్నది.

ఫోన్లో మీకు కావలసింది వినండి, రేడియోతో మీకెందుకు అని ఇంకో వాదన. చెయ్యి ఖాళీగా ఉన్నవాడి వాదన అది. కత్తెర పట్టినవాడు, స్టీరింగు పట్టినవాడు, పిక్క కొట్టేవాడు పాట పాటకీ తెర మీద వేలు ఆడించలేడు. రేడియో ముఖ్యంగా వాళ్లదే. వాళ్లు మార్చలేరన్న ధీమాతోనే వాళ్లకి అదే పాట మళ్లీ వేస్తున్నారు.

ప్రైవేటు వ్యాపారం, వాళ్లిష్టం అంటారా? గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. స్టేషను వాళ్లకి ఉన్నది అద్దె హక్కు. ఫ్రాన్సులో రేడియోలు 1996 నుంచి 40 శాతం ఫ్రెంచి పాటలు వేయాలి. వాళ్లు తెలివిగా ఒక పది పాటలే తిప్పి కోటా నింపుతుంటే, 2016లో చట్టం మార్చారు. మొదటి పది పాటలూ ఆ కోటాలో సగాన్ని మించితే, మించినవి లెక్కలోకి రావు. సంగారెడ్డి జిల్లా మాచనూరులో 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియోలో పాటలు పాడేది చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. అది వ్యాపార రేడియో కాదు, నిజమే. కానీ పొలం పాట రేడియోకి పనికిరాదన్న మాటకి అది చాలు.

ఇప్పుడీ గొడవంతా ఎందుకంటే, 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్‌ఎం చానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో శ్రీకాకుళానికి మూడు, విజయనగరానికి మూడు ఉన్నాయి. మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు పెరుగుతాయని ప్రభుత్వం చెప్పింది. అదే సమయంలో, ఒక సంస్థ తన స్టేషన్లన్నిటిలో ఒకే కార్యక్రమాన్ని కలిపి వేసుకోవచ్చని ఇప్పటి విధానమే అనుమతిస్తోంది. అంటే శ్రీకాకుళంలో టవరు లేవొచ్చు, పాటల జాబితా మాత్రం హైదరాబాదు నుంచే రావొచ్చు. మూడు స్టేషన్లు వస్తే ఒకే పాట మూడు చోట్ల మోగొచ్చు.

వేలం పాడేవాళ్లని నేను కోరేది ఒకటే. ఏ పాట ఏ రోజు ఎన్నిసార్లు వేశారో ప్రతి స్టేషను దగ్గరా చిట్టా ఉంటుంది, రాయల్టీ కట్టాలి కాబట్టి ఉండి తీరాలి. ఆ చిట్టాని నెలనెలా బయటపెట్టండి. దాని పక్కన, ఆ నెలలో ఎవరెవరు ఏ ఊరి నుంచి ఏ పాట అడిగారో ఆ జాబితా కూడా పెట్టండి. జనం కోరిందే వేస్తున్నామన్నది నిజమైతే రెండూ సరిపోవాలి కదా.