ఫ్యాక్షనిస్టు అంటే ఎవడండీ?

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు "మీదే ఊరన్నా?" అన్నాడు. బనగానపల్లె అన్నాను. మామిడిపండ్ల గురించి అడుగుతాడనుకున్నా. "అమ్మో, ఫ్యాక్షనిస్టులా!" అని రెండు చేతులూ పైకెత్తాడు. అందరూ నవ్వారు. ఇరవయ్యేళ్ళుగా ఇదే జోకు, నేనూ నవ్వేవాణ్ణి. ఈసారి రాలేదు.

ఇంగ్లీషులో ఫ్యాక్షన్ అంటే పెద్ద గుంపులో వేరుకుంపటి పెట్టుకున్న చిన్న వర్గం. 1787లో మాడిసన్ ఫెడరలిస్ట్ పదో వ్యాసం రాసింది దీని గురించే. అందులో వేటకొడవళ్ళూ లేవు, నాటుబాంబులూ లేవు. డల్లాస్‌లో మీ మేనేజరుతో "మాది ఫ్యాక్షన్ ఏరియా" అని చెప్పి చూడండి, ఏ పార్టీలో చీలికో అనుకుంటాడు :)

మా ఇంట్లో పెద్దవాళ్ళు ఈ మాట వాడగా నేను వినలేదు. "ఆ ఊర్లో పార్టీలుండాయి", "వాళ్లకూ వీళ్లకూ కక్షలు" అనేవాళ్ళు. అలా అంటే ఎవరికి, ఎవరితో, దేనికి అని అడగొచ్చు. చేను గట్టో, పంచాయతీ ఎన్నికో, కాంట్రాక్టో, ఏదో ఒక జవాబు వస్తుంది. ఫ్యాక్షన్ అనేసరికి ఇక అడిగేదేం ఉండదు, అదేదో సీమ నీళ్ళలోనే ఉన్నట్టు!

నాతో చదివిన ఒకడి నాన్నను చంపేశారు. వాడప్పుడు ఏడో క్లాసు. వాళ్ళమ్మ పొలం కౌలుకిచ్చి, వాణ్ణి తీసుకుని కర్నూలు వెళ్ళిపోయింది. కొడుకు పగల జోలికి పోకూడదని మళ్ళీ ఊరి పొలిమేర తొక్కనివ్వలేదు. ఇప్పుడు వాడూ మనలాగే జావా రాసుకుని బతుకుతున్నాడు. కుదిరిన పెళ్ళి సంబంధం ఒకటి "ఫ్యాక్షన్ ఫ్యామిలీ అట" అని తప్పిపోయింది. చంపినవాడూ ఫ్యాక్షనిస్టే, చచ్చినవాడి కొడుకూ ఫ్యాక్షనిస్టే. ఇద్దర్నీ ఒకే వేరియబుల్‌లో పెడితే మీ కోడ్ రివ్యూలో ఊరుకుంటారా?

సమరసింహారెడ్డి (1999), నరసింహనాయుడు (2001), ఇంద్ర (2002), మూడూ బి.గోపాల్ గారివే. ఈలలేసినవాళ్ళలో నేనూ ఉన్నాను, దాచుకోను. 2023లో వీరసింహారెడ్డి కూడా వచ్చింది కాబట్టి ఆ మోజింకా తీరలేదన్నమాట.

"మరి హత్యలు జరగలేదా?" అంటారు. ఎందుకు జరగలేదు, పైన చెప్పింది హత్యే కదా. హత్య అనండి, హంతకుడనండి, ముద్దాయి అనండి. ఫ్యాక్షనిస్టు అంటే చంపినవాడికి హీరో హోదా వచ్చేస్తోంది, మచ్చేమో మిగతా జనానికి.

మాకిది మొదటి ఇంగ్లీషు ముద్ర కూడా కాదు. 1800లో నిజాం మా ప్రాంతాన్ని కంపెనీకి ధారపోశాక సీడెడ్ జిల్లాలన్నారు. (మా ఊరు 1948 దాకా నవాబుగారి సంస్థానం, అది వేరే కథ.) 1928లో మా పక్కనే నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అందామన్నారు. జనం అలాగే అన్నారు. సినిమావాళ్ళు మాత్రం కలెక్షన్ల లెక్కల్లో ఇప్పటికీ సీడెడ్ అనే రాస్తారు. దత్తత పోయి రెండొందల ఏళ్ళు దాటినా వాళ్ళకు కబురందలేదు.

ఆ కుర్రాడు సాయంత్రం టీ దగ్గర "సారీ అన్నా, సినిమాల్లో చూసి అనేశా" అన్నాడు. సరేలే అన్నాను. వాడిది భీమవరం. చేరిన రోజు వాడు నోరు తెరవగానే "ఆయ్" అని వెక్కిరించింది నేనే.